వెన్నెముక సర్జన్ కావాలనుకుంటే ఎముకల ఆరోగ్యాన్ని ఫిజీషియన్లకి వదిలెయ్యాలా?

మీ ప్రశ్న ఇది: ఆర్థోపెడిక్స్ పీజీ రెండో ఏడాదిలో ఉన్నారు. వెన్నెముక సర్జరీలోకి వెళ్ళాలని ఉంది. బోలు ఎముకల వ్యాధి మీద కూడా ఆసక్తి ఉంది. కానీ "అది ఫిజీషియన్ల పని, దాని వెంట పడితే ఆపరేషన్ చెయ్యి తిరగదు" అని సీనియర్లు అంటున్నారు. ఈ రంగంలో పేరున్న వాళ్ళు తమ కెరీర్‌ని ఎలా కట్టుకున్నారు, మీరు ఏది వదులుకోవాలి అని అడిగారు.

నేను 24 ఏళ్ళుగా వెన్నెముక ఆపరేషన్లు చేస్తున్నాను. ముందే చెప్పేస్తాను, ఏదీ వదులుకోవద్దు. సీనియర్లు అన్నమాట నేనూ నమ్మాను, దాని ఫలితం ఒక పెద్దావిడ అనుభవించింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏట ఆమె వచ్చింది. వయసు 71. నడుం దగ్గర పూస ముందుకు జారి, నరాల దారి ఇరుకై, నాలుగు అడుగులు వేస్తే కూర్చోవాల్సి వచ్చేది. ఆపరేషన్ చేసి స్క్రూలు, రాడ్లు వేశాను. పై పూసలో స్క్రూ బిగిస్తుంటే చేతికి పట్టు తగల్లేదు. గట్టి ఎముకలో చివరి రెండు మూడు చుట్లు తిప్పడానికి మణికట్టు బలమంతా పెట్టాలి. ఇది తడి మట్టిలో మేకు దిగినట్టు వేళ్ళతోనే దిగిపోయింది. ఇంకాస్త లావు స్క్రూ వేసి ముందుకు వెళ్ళాను. ఎక్స్‌రే చాలా అందంగా వచ్చింది, మీటింగ్‌లో చూపించాను కూడా. ఆరో వారంలో ఆమె ముందుకు ఒంగిపోయి వచ్చింది. స్క్రూల పైనున్న పూస నలిగిపోయింది, పై స్క్రూలు ఎముకను చీల్చుకుని బయటికి వచ్చాయి. మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆ రాత్రి పాత కేస్‌షీట్ తీశాను. మొదటి రోజు నేను రాసిందే, మూడో లైనులో ఉంది: "నాలుగేళ్ళ క్రితం ఎడమ మణికట్టు విరిగింది, బాత్‌రూమ్‌లో జారిపడి." రాసింది నేనే, అది ఎముక బలహీనతకి గుర్తని పట్టించుకోనిదీ నేనే. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించలేదు. కనీసం విటమిన్ డి కూడా చూడలేదు.

అప్పటి నుంచి పెద్ద పేర్లున్న వాళ్ళ జీవితాలని వేరే కళ్ళతో చదవడం మొదలుపెట్టాను. ఎవరు ఏ ఆపరేషన్ కనిపెట్టారన్నది పక్కన పెట్టి, ఆపరేషన్ తర్వాత పేషెంట్‌ని ఎంతకాలం చూశారు, తమ తప్పు ఎదురైనప్పుడు ఏం చేశారు అని చూశాను. పేరు నిలబడిన వాళ్ళందరిలోనూ ఆ రెండూ కనిపించాయి.

పాల్ హారింగ్టన్‌ని తీసుకోండి. అమెరికాలో, హ్యూస్టన్‌లో 1940ల చివర పోలియో వచ్చిన పిల్లల్ని చూసేవాడు. కండరాలు పడిపోయి వెన్ను పక్కకి వంకర తిరిగిన పిల్లలు. శ్వాసే సరిగా ఆడని వాళ్ళకి ఒంటి నిండా సిమెంటు కట్టు కడితే తట్టుకోలేరు. అందుకని లోపలి నుంచే నిలబెట్టాలని చూశాడు. మొదట కీళ్ళలో స్క్రూలు వేశాడు, సరిచేసిన వంకర మళ్ళీ వచ్చేసింది. తర్వాత స్టీలు రాడ్డు, దానికి రెండు కొసల్లో కొక్కేలు. రాడ్లు విరిగాయి, కొక్కేలు ఊడాయి. అప్పుడు అర్థమైంది, లోహం కొంతకాలమే మోస్తుంది, ఆలోపు ఎముక ఎముకతో అతుక్కోకపోతే ఎంత మంచి రాడ్డైనా ఓడిపోతుందని. పదేళ్ళకు పైగా మార్పులు చేస్తూ వచ్చి 1962లో ఆ పని ప్రచురించాడు. ఆ పద్ధతిలోనూ లోపం ఉంది, నడుం దగ్గర సహజంగా ఉండే ఒంపు చదునైపోయేది. ఆ పిల్లలు పెద్దయ్యాక నిటారుగా నిలబడలేక వచ్చినప్పుడు గానీ అది తెలియలేదు. తర్వాతి తరం, ముఖ్యంగా ఫ్రాన్స్‌లో ఈవ్ కోత్రెల్, జాన్ దుబుస్సే, 1980ల్లో వెన్నుని మూడు దిక్కుల్లోనూ చూసి సరిచేసే పరికరాలు తెచ్చారు. వంకర అంటే పక్కకి ఒంగడం ఒక్కటే కాదు, మెలి తిరగడం కూడా అని దుబుస్సే పట్టుబట్టాడు. నిలబడిన మనిషిని తక్కువ రేడియేషన్‌తో ఒకేసారి ముందు నుంచీ పక్క నుంచీ ఫొటో తీసే యంత్రం తయారీలో, భౌతికశాస్త్రంలో 1992 నోబెల్ అందుకున్న జార్జ్ షార్పాక్ డిటెక్టర్‌ని వాడుకున్న బృందంలోనూ ఆయన ఉన్నాడు.

క్షయ కథ ఇంకా లోతైనది. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది కూడా. వెన్నుపూసల్ని అతికించే ఆపరేషన్ పుట్టిందే దాదాపు క్షయ కోసం. 1911లో న్యూయార్క్‌లో రసెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ ఎవరికి వారే విడివిడిగా ఆ పని చేశారు. ఆల్బీ కాలి ఎముక ముక్క తీసి వెన్నులో పెట్టాడు. 1950ల్లో హాంకాంగ్‌లో ఆర్థర్ హాడ్జ్‌సన్ ఇంకో అడుగు వేశాడు. రోగం పూస ముందు భాగంలో ఉంటే వెనక నుంచి ఎందుకు పోవాలి అని, ముందు నుంచే వెళ్ళి చెడిన ఎముకంతా తీసి, ఆ ఖాళీలో కొత్త ఎముక పెట్టాడు. ఆ తర్వాత బెనారస్‌లో ఎస్. ఎం. తులి ఎదురు ప్రశ్న వేశాడు: మంచి మందులు ఉన్నాక అందరికీ ఇంత పెద్ద ఆపరేషన్ అవసరమా? మందులతో మొదలుపెట్టి, నరాలు దెబ్బతిని తేరుకోని వాళ్ళకీ, ఇతర తప్పని పరిస్థితుల్లోనూ మాత్రమే కత్తి పట్టే "మధ్యేమార్గం" ఫలితాలని 1975లో ప్రచురించాడు. ఒక సర్జన్ "ఇంతమందికి ఆపరేషన్ అక్కర్లేదు" అని లెక్కలు చూపించి పేరు తెచ్చుకోవడం చిన్న విషయం కాదు.

ఇక్కడితో అయిపోలేదు. రోగం మానిపోయిన పిల్లల్ని ఎవరైనా మళ్ళీ పిలిచి చూస్తారా? కోయంబత్తూరు గంగా హాస్పిటల్‌కి చెందిన ఎస్. రాజశేఖరన్ చూశాడు. క్షయ తగ్గిన పిల్లల్ని 15 ఏళ్ళు వెంబడించిన ఎక్స్‌రేలు ముందేసుకుని కూర్చున్నాడు. రోగం మానినా కొందరిలో ఎదుగుదలతో పాటు గూని పెరుగుతూనే ఉంది, కొందరిలో దానంతట అదే తగ్గింది. ఎవరిలో పెరుగుతుందో ముందే పట్టుకునే నాలుగు గుర్తులు చెప్పాడు: వెనక కీళ్ళు విడిపోవడం, చెడిన పూస ముక్క వెనక్కి తోసుకురావడం, ఒక పూస పక్కకి జరగడం, పై పూస ముందుకి బోర్లాపడడం. ఈ గుర్తులు ఎంత ఎక్కువుంటే అంత ప్రమాదం, అలాంటి పిల్లవాడిని వదిలిపెట్టకూడదు. 2001లో వచ్చిన ఆ పనికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. మామూలు ఎక్స్‌రే, 15 ఏళ్ళ ఓపిక ఉంటే చాలు. ఆ తర్వాత డిస్క్‌కి పోషణ ఎలా అందుతుందో వరుస ఎంఆర్‌ఐలతో చూపించి 2004లో నడుం వెన్ను పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఇచ్చే బహుమతి అందుకున్నాడు.

అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో స్టువార్ట్ వైన్‌స్టీన్‌దీ ఇదే తరహా. 1932, 1948 మధ్య స్కోలియోసిస్ (వెన్ను పక్కకి వంకర తిరగడం) ఉందని తేలి, ఏ చికిత్సా తీసుకోని వాళ్ళని 50 ఏళ్ళ తర్వాత వెతికి పట్టుకున్నారు. 2003లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం 117 మందిలో ఎక్కువమంది ఇల్లు, ఉద్యోగం, పిల్లలు అన్నీ చూసుకుంటూ బతికారు. నడుంనొప్పి కొంత ఎక్కువ, ఆకారం గురించిన బాధ ఎక్కువ. అంతేగానీ మనం భయపెట్టినంత ఘోరం జరగలేదు. వంకర పెరగకుండా ఒంటికి బిగించే బ్రేస్ మీద ఆయనే నడిపిన ట్రయల్ 2013లో వచ్చింది. బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 72 శాతం మంది ఆపరేషన్ స్థాయికి వెళ్ళకుండా ఎదుగుదల పూర్తి చేసుకున్నారు, వేసుకోని వాళ్ళలో 48 శాతం. రోజుకి ఎన్ని గంటలు వేసుకుంటే అంత లాభం. తేడా స్పష్టంగా ఉండడంతో ట్రయల్‌ని ముందే ఆపేశారు. వెన్నెముక సర్జన్‌గా ఆయన పేరు చెప్పగానే నాకు గుర్తొచ్చేది ఈ రెండు పనులే. రెండూ ఆపరేషన్ తప్పించేవే.

ఇప్పుడు మీ సీనియర్ల మాటకి వద్దాం. ఎముక లోపల ఏం జరుగుతుందో మనకి నేర్పిన వాళ్ళలో ఒక ఆర్థోపెడిక్ సర్జన్ ఉన్నాడు, హెరాల్డ్ ఫ్రాస్ట్. డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్‌లో పనిచేసేవాడు. అప్పట్లో ఎముకని మైక్రోస్కోప్ కింద చూడాలంటే ఆమ్లంలో నానబెట్టి కాల్షియం అంతా తీసేసేవాళ్ళు. అలా చేస్తే ఎముక గట్టితనమే పోతుంది, ఇంక చూసేదేముంది? ఈయన సన్నటి ముక్కని చేత్తో గరుకు కాగితం మీద వెలుతురు కనబడేదాకా అరగదీశాడు. టెట్రాసైక్లిన్ మాత్ర వేసుకుంటే కొత్తగా పడుతున్న ఎముకలో అది గీతలా అంటుకుని మెరుస్తుంది. రెండు విడతలుగా మందు ఇచ్చి ఆ రెండు గీతల మధ్య దూరం కొలిస్తే ఎముక రోజుకి ఎంత పెరుగుతోందో లెక్క దొరుకుతుంది. పాత ఎముకని తవ్వే కణాలు, వెనకే వచ్చి పూడ్చే కణాలు ఒకే జట్టుగా పనిచేస్తాయన్న ఆలోచన ఆయనదే. మోసే బరువుని బట్టి ఎముక తనని తాను సర్దుకుంటుందన్న సిద్ధాంతమూ ఆయనదే. ఆపరేషన్ చెయ్యి తిరగదని ఆయనతో ఎవరైనా అన్నారో లేదో గానీ, మనం ఇవాళ రాసే ప్రతి ఎముక మందు వెనకా ఆ గీతల లెక్క ఉంది.

ఫిజీషియన్ల వైపు నుంచి ముగ్గురి గురించి క్లుప్తంగా. బోస్టన్‌లో ఫుల్లర్ ఆల్బ్రైట్ 1940 ప్రాంతంలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో పూసలు నలగడానికీ ఈస్ట్రోజెన్ తగ్గడానికీ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నాడు. అప్పటికే ఆయనకి పార్కిన్సన్స్ ఉంది, చేతులు వణుకుతుండగానే పనిచేశాడు. స్విట్జర్లాండ్‌లో హెర్బర్ట్ ఫ్లైష్ శరీరంలో సహజంగా ఉండే పైరోఫాస్ఫేట్ కాల్షియం గడ్డకట్టకుండా ఎలా ఆపుతోందో చూస్తూ, దానిలాగే ఉండి శరీరంలో విరిగిపోని పదార్థం కోసం వెతికి 1960ల చివర, ఎముక కరిగిపోవడాన్ని తగ్గించే బిస్‌ఫాస్ఫొనేట్ల దగ్గరికి చేరాడు. షెఫీల్డ్‌లో జాన్ కానిస్ పేరు మీకు తెలిసే ఉంటుంది. ఎముక సాంద్రత చెప్పే టీ స్కోర్ మైనస్ 2.5కి పడిపోతే బోలు ఎముకల వ్యాధి అన్న గీత 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం గీసింది, ఆ పనిలో ముందున్నది ఆయనే. రాబోయే పదేళ్ళలో ఎముక విరిగే అవకాశాన్ని లెక్కకట్టే ఫ్రాక్స్ 2008లో వచ్చింది, అదీ ఆయన బృందానిదే.

ఈ రెండు వైపుల్నీ కలిపిన వాళ్ళే ఇప్పుడు మీకు దారి చూపాల్సింది. విస్కాన్సిన్‌లో పాల్ ఆండర్సన్ అనే వెన్నెముక సర్జన్, నీల్ బింక్లీ అనే ఎముకల ఫిజీషియన్‌తో కలిసి, ఆపరేషన్‌కి ముందే ఎముకని బాగుచేసే పద్ధతి మీద పనిచేశాడు. ప్లానింగ్ కోసం ఎలాగూ తీసే సీటీలోనే పూస మధ్య మెత్తటి భాగంలో ఒక చిన్న వలయం గీసి, ఎముక సాంద్రతని చెప్పే హౌన్స్‌ఫీల్డ్ అంకె చదవొచ్చని 2011లో ఆయన బృందం చూపించింది. అదే విశ్వవిద్యాలయంలోని రేడియాలజిస్టులు 2013లో మొదటి నడుం పూసకి హద్దులు చెప్పారు: 160 దాటితే బోలు ఎముకల వ్యాధి ఉండే అవకాశం తక్కువ, 110 కన్నా తక్కువైతే గట్టిగా అనుమానించాలి. మనకి ఇది ఎందుకు ముఖ్యమంటే, అరిగిన వెన్నులో అంచుల వెంట పెరిగిన ఎముక వల్ల నడుం డెక్సా లేనిపోని మంచి స్కోరు చూపిస్తుంది. మన పేషెంట్లందరివీ అరిగిన వెన్నులే కదా. జపాన్‌లో చిబాలో సేజి ఒహ్తోరి బృందం 2012లో, బోలు ఎముకలున్న ఆడవాళ్ళకి నడుం ఫ్యూజన్ (పూసలు అతికించే ఆపరేషన్) చేసినప్పుడు, కొత్త ఎముకని పెంచే టెరిపరటైడ్ ఇస్తే బిస్‌ఫాస్ఫొనేట్ ఇచ్చిన వాళ్ళకన్నా పూసలు త్వరగా, ఎక్కువమందిలో అతుక్కున్నాయని చూపించింది. ఎముక మందు సర్జన్ ఫలితాన్నే మారుస్తోంది. మరి అది ఫిజీషియన్ల పని ఎలా అవుతుంది?

డబ్బు, కంపెనీల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది పేరున్న వాళ్ళ కెరీర్లని కుదిపేసిన విషయం. ఎముకని పుట్టించే ప్రొటీన్ ఉందని మార్షల్ ఉరిస్ట్ 1965లో చూపించాడు, ఆయనా ఆర్థోపెడిక్ సర్జనే. దాన్ని ల్యాబ్‌లో తయారుచేసి 2002లో అమెరికాలో వెన్ను ఫ్యూజన్‌కి అనుమతి తెచ్చుకున్నారు. కంపెనీ డబ్బుతో జరిగిన 13 ట్రయల్స్‌లో, 780 మందిలో, ఈ ప్రొటీన్ వల్ల కీడు జరిగిందని ఒక్క కేసూ రాయలేదు. 2011లో యూజీన్ కారజీ తాను సంపాదకుడిగా ఉన్న వెన్నెముక పత్రికలోనే ఆ ట్రయల్స్‌ని విప్పి చూపించాడు. అసలు ప్రమాదం 10 నుంచి 50 శాతం దాకా ఉండొచ్చని అంచనా వేశాడు. 2013లో వచ్చిన రెండు స్వతంత్ర సమీక్షలు కూడా మామూలు ఎముక గ్రాఫ్ట్ కన్నా దీనివల్ల పెద్ద లాభం లేదన్నాయి. సాటివాళ్ళ పనిని పేరు పెట్టి ప్రశ్నించడానికి ఎంత ధైర్యం కావాలో ఒక్క కాన్ఫరెన్సుకి వెళ్ళొస్తే మీకే అర్థమవుతుంది. కంపెనీ ఖర్చు మీద విదేశీ వర్క్‌షాప్‌కి వెళ్ళే అవకాశం మీకూ వస్తుంది. వెళ్ళేముందు అక్కడ నేర్పే స్క్రూకి ఐదేళ్ళ ఫలితాలు ఎవరైనా రాశారేమో చూడండి.

నలిగిన పూసలో సిమెంటు ఎక్కించడం దగ్గరా ఇలాంటిదే జరిగింది. 1984లో ఫ్రాన్స్‌లోని అమియాన్‌లో ఇది మెడ పూసలోని రక్తనాళాల గడ్డ కోసం పుట్టింది. తర్వాత విరిగిన పూసలకి ప్రపంచమంతా వాడాం. 2009లో రెండు ట్రయల్స్ ఉత్తుత్తి ప్రొసీజర్‌తో పోల్చి చూసి నొప్పిలో తేడా లేదన్నాయి. అందులో ఒకదాన్ని నడిపిన డేవిడ్ కాల్‌మెస్ స్వయంగా ఆ ప్రొసీజర్ చేసే రేడియాలజిస్టే. ఎవరికి పనికొస్తుందన్న చర్చ ఇంకా నడుస్తోంది. నేను ఎంచి ఎంచి, తక్కువమందికే చేస్తాను.

మీరు కాంప్లికేషన్ల భయం గురించి విడిగా అడిగారు. లారెన్స్ లెంకే పేరు మీ వంకరల వర్గీకరణలో రోజూ వాడుతూ ఉంటారు, 2001 నాటిది. అంతకన్నా నేను గౌరవించేది ఆయన ముందుండి నడిపిన ఇంకో అధ్యయనాన్ని. పెద్దవాళ్ళలో కష్టమైన వంకరల ఆపరేషన్లు చేసే ప్రపంచస్థాయి సెంటర్లలో, ఆపరేషన్ తర్వాత కాళ్ళ బలాన్ని ఒకే పద్ధతిలో పరీక్ష చేసి రాశారు. డిశ్చార్జ్ నాటికి సుమారు 22 శాతం మందిలో కాలి బలం తగ్గింది, ఆరు నెలలకి 11 శాతం దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా పాత రికార్డులు తిరగేసి చెప్పిన అంకెలు దీనికన్నా చాలా తక్కువ. అత్యుత్తమ చేతుల్లోనే ఇంత ఉందని వాళ్ళే ఒప్పుకుని ప్రచురించారు. నా పేషెంట్‌కి రిస్క్ చెప్పేటప్పుడు నేను నిజం చెప్పగలుగుతున్నది ఆ అంకెల వల్లే.

ఇంకో పేరు చెప్పకుండా ఉండలేను, జాక్వెలిన్ పెర్రీ. రెండో ప్రపంచయుద్ధంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి, తర్వాత ఆర్థోపెడిక్ సర్జన్ అయ్యింది. కాలిఫోర్నియాలో వెర్నాన్ నికెల్‌తో కలిసి, పోలియోతో మెడ నిలవని వాళ్ళకి తల చుట్టూ రింగు బిగించి నిలబెట్టే హాలో తయారుచేసింది. ఆరోగ్యం సహకరించక ఆపరేషన్లు ఆపేయాల్సి వచ్చింది. ఆమె అక్కడితో ఆగిపోలేదు. మనిషి నడకని అడుగు అడుగునా విడదీసి కొలిచే శాస్త్రానికి పునాది వేసింది, తొంభై ఏళ్ళు దాటాక కూడా పనిచేసింది. చెయ్యి ఆగిపోయినా కెరీర్ ఆగదు. మీ చెయ్యి గురించి సీనియర్లకి ఉన్న టెన్షన్‌కి నా జవాబు ఇదే.

ఆచరణకి వస్తే, ఆర్థో గానీ న్యూరోసర్జరీ గానీ పూర్తయ్యాక ఏడాది, వీలైతే రెండేళ్ళ ఫెలోషిప్ తప్పనిసరి. స్క్రూ దిగే పెడికల్‌లోకి (పూస వెనక కాడలాంటి ఎముక) దారి చేసుకున్నాక ఫీలర్ అనే సన్నటి కడ్డీతో నాలుగు గోడలూ, అడుగూ తడిమి చూడడం మొదటి కేసు నుంచే అలవాటు చేసుకోండి, ఎంత తొందరలో ఉన్నా మానొద్దు. ఎక్స్‌రేల నుంచి కాపాడే లెడ్ ఏప్రాన్ బరువు ఇరవై ఏళ్ళకి మీ మెడలోనే కూర్చుంటుంది, నాకు కూర్చుంది. కాబట్టి వ్యాయామాన్ని పనిలో భాగం అనుకోండి. వారానికి ఒక పూట ఎముకల ఫిజీషియన్ ఓపీలో కూర్చోండి. నాకు ఆ పాఠాలు చెప్పిన ఎండోక్రైనాలజిస్టు పక్కన నేను మూడేళ్ళు కూర్చున్నాను. ఏ మందు ముందు ఇవ్వాలో, ఏది ఆపేటప్పుడు వెంటనే ఇంకోటి మొదలుపెట్టాలో అక్కడే నేర్చుకున్నాను. డెనోసుమాబ్ అనే ఎముక ఇంజెక్షన్ ఒక్క డోసు ఆలస్యమైతే పూసలు వరసగా నలగొచ్చని ఏ ఆపరేషన్ థియేటర్లోనూ ఎవరూ చెప్పరు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ఆపరేషన్ పేరు రాసే కాలమ్ కన్నా ముందు మూడు కాలమ్‌లు ఉండాలి: యాభై ఏళ్ళు దాటాక ఏదైనా ఎముక విరిగిందా, స్టెరాయిడ్ వాడారా, సీటీలో మొదటి నడుం పూస అంకె ఎంత. కొసన రెండేళ్ళ ఫాలోఅప్‌కి ఖాళీ వదలండి. నా నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఆ పెద్దావిడదే, ఆమె ఆపరేషన్ తర్వాత రాసుకున్నది. రెండో ఆపరేషన్ తర్వాత ఏడాదిన్నర పాటు ఎముక మందు వాడింది, పూసలు అతుక్కున్నాయి. చేతికర్రతో నడిచేది. మొదటిసారే చూసుకుని ఉంటే ఆ కర్ర అవసరం వచ్చేది కాదని ఆమెకి నేనే చెప్పాను.

ఫెలోషిప్‌కి సెంటర్ ఎంచుకునేటప్పుడు ఏడాదికి ఎన్ని కేసులు చేస్తారని అందరూ అడుగుతారు. మీరు అది అడిగాక ఇంకోటి కూడా అడగండి: రెండేళ్ళ క్రితం మీరు ఆపరేషన్ చేసిన వందమందిలో ఇవాళ ఎంతమంది ఎక్కడ, ఎలా ఉన్నారో మీకు తెలుసు? సమాధానం అంకెల్లో వచ్చిన చోట చేరండి.